వాత ఎవరు పెట్టారు?

చెల్లెలు స్వరూపకు జ్వరం తగ్గడం లేదని కబురొస్తే ఉదయం ఆరున్నరకు లింగంపల్లిలో నారాయణఖేడ్ బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకిచ్చే జీరో టికెట్ వచ్చింది గానీ సీటు మాత్రం సంగారెడ్డి దాటాకే దొరికింది. జోగిపేటలో టీ తాగి ఎక్కాక, పక్క సీట్లోని కంగ్టి ఊరామె నా సంగతంతా విని, "వాత పెట్టిచ్చిన్రా మరి?" అనడిగింది. జ్వరానికీ కామెర్లకూ కాల్చిన ఇనుముతో చర్మం మీద చురక పెట్టించేవాళ్ళు ఇటువైపు ఇంకా ఉన్నారు. స్వరూప వాళ్ళత్త అలాంటి పని చేయదని గట్టిగానే చెప్పాను. చెప్పాక నాకే అనుమానం మొదలైంది.

పదిన్నరకు నారాయణఖేడ్‌లో దిగి, సిర్గాపూర్ వైపు ఆటోలో వాళ్ళ ఊరు చేరాను. స్వరూప గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పిలిస్తే పలికింది కానీ మాటకూ మాటకూ పొంతన లేదు. ఆర్‌ఎంపీ ఇచ్చిన సూదులు పనిచేయలేదట. చీర సర్దబోతే నడుము వెనక నల్లగా మాడిన మచ్చ, చుట్టూ ఎరుపు. అచ్చం బీడీతో కాల్చినట్టు ఉంది.

నాకు ఒళ్ళు మండింది. ఎవరు పెట్టించారని అడిగితే అత్త నన్ను ఎగాదిగా చూసింది.

"నన్నడుగుతవేంది? అమ్మగారింటికి పోయొచ్చినంకనే సూసిన. మీరే పెట్టిచ్చిన్రనుకొని ఊకున్న."

స్వరూప పది రోజుల కింద పుట్టింటికి వెళ్ళిన మాట నిజమే. అమ్మకు ఫోన్ చేస్తే తనకేమీ తెలియదని ఒట్టేసింది. ఇటు నమ్మాలో అటు నమ్మాలో అర్థం కాలేదు. స్వరూపను మధ్యన కూర్చోబెట్టుకుని అత్తా నేనూ ఆటోలో ఖేడ్ దవాఖానకు బయల్దేరాం.

దవాఖానలో డాక్టరమ్మ కూడా మచ్చ చూసి, వాత పెట్టిందెవరని కోప్పడింది. ఇద్దరం ఒకరినొకరం చూపించాం. ఆమె మచ్చ మీద వేలితో నొక్కింది. స్వరూప కదలలేదు. నొప్పి లేదంది. అప్పుడు డాక్టరమ్మ గొంతు మారింది, ఈమధ్య గడ్డిలోకి వెళ్ళారా అనడిగింది. బర్లకు రోజూ ఇద్దరమూ కోసుకొస్తామంది అత్త.

"గిది వాత కాదమ్మా. గడ్డిల సన్న పురుగు కుడితె గిట్ల నల్ల పొక్కు లేస్తది, ఎనక జ్వరమొస్తది. స్క్రబ్ టైఫస్ అంటరు. ఇంకా లేటయితే పానం మీదికొస్తుండె."

రక్తం తీసుకుని, ఫలితం కోసం ఆగకుండా మందు మొదలుపెట్టారు. ఆ రెండు రాత్రులూ భయంతో నిద్రపట్టలేదు. మూడోనాడు పొద్దున స్వరూప జొన్నరొట్టె అడిగింది. నేను ఏడ్చేశాను.

నేను బయల్దేరేముందు అత్త నన్ను దవాఖాన బాత్రూంలోకి పిలిచి, తనూ అదే గడ్డిలో తిరిగింది కదా, వీపు చూడమంది. కొత్త మచ్చ ఏదీ లేదు. పాత వాతలు మాత్రం మెడ నుంచి నడుము దాకా ఉన్నాయి.

"చిన్నప్పుడు పెట్టిన్రు. గందుకే నా ఇంట్ల ఎవ్వలికీ పెట్టనియ్య" అంది రవిక సర్దుకుంటూ.

మధ్యాహ్నం మూడు గంటల బస్సులో కిటికీ సీటు దొరికింది. ఇటు వచ్చేవారికి నేను చెప్పగలిగింది ఒక్కటే, జ్వరమొస్తే ఒళ్ళంతా వెతికి చూసుకోండి. అత్తకు ఏం చెప్పి ఉండాల్సిందో మాత్రం లింగంపల్లిలో దిగేదాకా నాకు తోచలేదు.