ఎమ్మారై ముందు అంకుల్ తాయెత్తు

నాన్న స్నేహితుడు మూర్తి అంకుల్‌ని ఈ రోజు కార్లో ఆస్పత్రికి తీసుకెళ్లాను. వెన్నునొప్పికి ఆపరేషన్ కావాలో వద్దో కొత్తగా వచ్చిన ఎమ్మారై మెషీన్ తేల్చాలి.

“ఫిజిక్స్ రీసెర్చ్‌తో ఎవర్ని ఉద్ధరిస్తావమ్మా? కంప్యూటర్స్‌కి మారిపో,” అని దారంతా క్లాసు పీకారు. అక్కడేమో ఒంటిమీద మెటల్ లేదని నర్సుకి చెప్పేశారు.

“అంకుల్, మీరెప్పుడూ చెప్పే ఆ మొలతాటి తాయెత్తు?” అన్నాను.

ఆయన మొహం కందిపోయింది. “అది కూడానా?”

“లోపలున్నది పెద్ద అయస్కాంతం. మీ వెన్నుని ఫొటో తీసేది మా ఫిజిక్సే.”

తాయెత్తు విప్పి నా చేతిలో పెట్టారు. “జాగ్రత్తమ్మా, ఇన్నాళ్లూ నన్ను కాపాడింది ఇదే.”

స్కాన్ చూసి, ఆపరేషన్ అక్కర్లేదన్నాడు డాక్టరు. అంకుల్ వెంటనే నా చేతిలోంచి తాయెత్తు తీసుకుని కళ్లకద్దుకున్నారు. ఫిజిక్స్‌కి రావలసిన ఆ దండాన్ని ఎవరినడిగి పుచ్చుకోవాలో మీరే చెప్పండి.