రెండు వందల పదమూడో పేజీ

అట్టల పెద్దాయన చదివింది అయిదో తరగతి. అదీ ఊళ్లో ఒకే గది, ఒకే పంతులు ఉన్న బళ్లో. అయితేనేం, నలభై రెండేళ్ల బైండింగ్ పనిలో ఆయన చేతుల మీదుగా వెళ్లిన పుస్తకాలు వరసగా పేర్చితే వీధి చివరికొస్తాయి. కోర్టువారి రిజిస్టర్లు, రెండు కాలేజీల లైబ్రరీలు, ఒక డాక్టరుగారు ముప్పై ఏళ్లు దాచుకున్న పత్రికలు. ఒక్క పేజీ ఊడిందన్న మాట రాలేదు. ఈ సంగతి ఎవరో పొగిడితే తెలిసింది కాదు, వచ్చినవాళ్లందరికీ ఆయనే చెప్పేవాడు. చెప్పుకోదగ్గ పని చేసినవాడు చెప్పుకుంటే తప్పేముంది?

వాటన్నిటికంటే ఆయనకు పేరు తెచ్చినవి రాత పుస్తకాలు. రోజుకో పేజీ చొప్పున ఏడాదికి సరిపడా కాగితం కుట్టేవాడు. ప్రతి పేజీ నెత్తిన ఒక మాట ఉండేది. ఆ మాటలు ఆయన ఆలోచించేవాడు, పక్క ప్రెస్సువాళ్లు అచ్చు వేసేవాళ్లు. పసుపు అట్ట పిల్లలకు: "నీ బడిసంచికి నోరుంటే నీ మీద ఎవరికి ఫిర్యాదు చేస్తుంది?" ఆకుపచ్చ అట్ట కథల పిచ్చి ఉన్న కుర్రకారుకు: "తాళం వేసిన గదిలోంచి దగ్గు వినిపించింది. తరవాత?" పాటలు కట్టేవాళ్లకూ అందులోనే చోటుండేది: "వాన అనే మాట రాకుండా వాన మీద ఆరు పాదాలు." బూడిదరంగు అట్ట పెద్దవాళ్లకు. అందులో రెండు వందల పదమూడో రోజు మాట ఆయనకు మహా ఇష్టం: "ఇంట్లో ఒకరికి చెప్పలేక మింగిన మాట." దాన్ని ఖాళీగా వదిలే మనిషి పుట్టలేదని ఆయన పందెం కాసేవాడు.

నిండిన పుస్తకం తెచ్చిస్తే గట్టి అట్ట వేసి ఇచ్చేవాడు. అందులో ఒక్క అక్షరం కూడా చదవకూడదన్నది ఆయన నియమం. ఒకే ఇంటి తోడికోడళ్లు ఒకరికి తెలియకుండా ఒకరు తమ పుస్తకాలు తెచ్చి ఆయన బల్ల మీద పెట్టిపోయారు. ఆ రెండూ వారం రోజులు ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. ఏ గొడవా రాలేదు. ఆయనంటే నమ్మకం అలాంటిది.

చదవకపోయినా బొటనవేలికి కొంత తెలిసేది. కాగితం వెనక వేలు ఆనిస్తే చాలు, ఖాళీ పేజీ నున్నగా జారుతుంది, రాసిన పేజీ గరుగ్గా తగులుతుంది. ఎవరు తేలిగ్గా రాశారో, ఎవరు కలం విరిగేలా నొక్కారో ఆ వేలు చెప్పేది.

ఒక మధ్యాహ్నం కూతురు ఒక బూడిదరంగు పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టింది. ముప్పై నాలుగేళ్ల మనిషి, పదహారో ఏట నుంచి అదే కొట్లో కాగితాలు మడుస్తోంది.

"ఇదెవరిదమ్మడూ?"

"నాదే. నిండిపోయింది."

"నువ్వెప్పుడు రాశావే? ఇంట్లో కలం కనబడదు కదా."

"కలం నీ చెవి మీదే ఉంటుంది కదా నాన్నా, నేను ఇంకోటి కొనుక్కున్నాను," అని నవ్వి, ప్రెస్సులో కాగితం తేవడానికి వెళ్లింది.

ఆయన పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు. అలవాటు కొద్దీ వేలు పేజీల వెంట నడిచింది. ఒకచోట ఆగింది. ఆ పేజీ వెనక అక్షరాలు ముళ్లలా పొడుచుకొచ్చాయి. ఎన్నో మడత, మడతలో ఎన్నో కాగితం అని లెక్కపెట్టక్కర్లేకుండానే ఆయనకు తెలుసు. రెండు వందల పదమూడు.

ఇంట్లో ఉన్నది ఇద్దరే. మింగిన మాట ఎవరి గురించో వేరే అడగాలా?

కళ్లజోడు పెట్టుకున్నాడు. వీధిలోకి చూశాడు. ఎవరూ లేరు. తోడికోడళ్ల గుట్టు కాచినవాడు కన్నకూతురి పుస్తకం దగ్గర తడబడ్డాడు. తండ్రి చదివితే దొంగతనం అవుతుందా అని మనసు లాయరులా వాదించింది. వేలు పేజీల మధ్యకు దూరింది కూడా. చివరికి కళ్లజోడు తీసి, పుస్తకం మీద ఇనప దిమ్మ పెట్టి, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

కూతురు వచ్చింది. "రెండొందల పదమూడు గట్టిగా రాశావే," అన్నాడు.

ఆమె చేతిలోని కాగితాల కట్ట అలాగే ఉండిపోయింది. "చదివావా?"

"చదివితే నిన్నెందుకు అడుగుతాను? నువ్వే చెప్పు. నామీదేనని తెలుస్తోంది."

ఆమె కట్ట బల్ల మీద పెట్టి, దారపు ఉండ సర్దింది. "నీ కుట్టు జారుతోంది నాన్నా. రెండేళ్లయింది. సూది మడత మీద పడకుండా పక్కకు పడుతోంది. నువ్వు భోజనానికి వెళ్లాక, వీధిలోవాళ్ల కంట పడకుండా వెనక గది చీకట్లో విప్పి, మళ్లీ కుడుతున్నాను."

"ఎవరన్నారు నా కుట్టు జారిందని?"

"ఎవరూ అనలేదు. అనకూడదనే విప్పుతున్నాను."

ఆయన లేచి, బీరువాలోంచి లైబ్రరీకి ఇవ్వాల్సిన తొమ్మిది పుస్తకాలు దించాడు. ఒక్కోటి మధ్యకు తెరిచి దారం వెంట వేలు పోనిచ్చాడు. తనది రెండు చుట్ల ముడి. కూతురిది ఒకే చుట్టు, కొస లోపలికి దోపుతుంది.

"ఏడు నీవి. రెండు నావి," అన్నాడు, ఆ రెండూ గుండెకు ఆనించుకుని.

"తొమ్మిదీ నావే. ఆ రెండింటికీ నీలా ముడి వేశాను, నీకు అనుమానం రాకూడదని."

పెద్దాయన ఆ రెండూ బల్ల మీద దించాడు. కోపం రావాలనుకున్నాడు, అది సమయానికి రాలేదు. నా ముడి నా వేలికే దొరక్కుండా వేసిందంటే, అనుకున్నాడు, దీని చెయ్యి ఎంత తిరిగి ఉండాలి.

అంతలో పుస్తకాల కోసం లైబ్రరీ గుమాస్తా వచ్చాడు. ఒకటి తీసి రెండు అట్టలూ వెనక్కి విరిచి చూశాడు. "కుట్టంటే మీదే బాబాయ్‌గారూ. ఈ మధ్య మరీ గట్టిగా ఉంటోంది."

"నలభై రెండేళ్లు..." అని మొదలుపెట్టాడు పెద్దాయన. అక్కడే ఆగాడు. కూతురు తల వంచుకుని గబగబా కాగితాలు మడుస్తోంది.

"నాది కాదయ్యా. మా అమ్మాయిది. రెండేళ్లుగా."

"మరి మీరేం చేస్తున్నట్టు?"

"ఆ రెండేళ్లూ గొప్పలు చెబుతున్నాను," అన్నాడు ఆయన. గుమాస్తా నవ్వాడు. ఆయన నవ్వలేదు.

గుమాస్తా వెళ్లాక పెద్దాయన కిటికీ పక్క కుట్టుబల్ల ముందు నుంచి తన పీట లాక్కుని, మడతల బల్ల దగ్గరకు చేరాడు. సూది కూతురి చేతిలో పెట్టాడు.

"అటెళ్లి కూర్చో అమ్మడూ. ఇన్నాళ్లూ చీకట్లో కుట్టావు, అక్కడ వెలుతురు బాగుంటుంది."