రన్‌వే మీద రాళ్లేరిన అత్త

మొన్న మంగళవారం పొద్దున్న తగరపువలస బస్టాపులో ఉండగా ఫోనొచ్చింది. గాజువాకలో మా పుట్టింటి ఎదురింటి కోడలు. "మా అత్త పోయిందక్కా. కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, మంచం మీద ఒరిగింది. అంతే," అంది. నేనెక్కాల్సిన బస్సు వచ్చి వెళ్లిపోయింది. ఎక్కలేకపోయాను.

చుట్టరికం లేదు. వరస కలుపుకుని అత్తా అనేదాన్ని. ఆనందపురం దగ్గర పల్లెలో పుట్టి, పెళ్లై గాజువాక వచ్చింది. ఊరి చివర ఎయిర్‌ఫోర్స్ బేస్ నడిచినన్నాళ్లూ అందులో కూలిపని చేసింది. పొద్దున్నే విమానాలు లేవకముందు ఆడవాళ్లంతా వరసగా నిలబడి, రన్‌వే ఈ కొస నుంచి ఆ కొస దాకా తల వంచుకుని నడవాలి. గులకరాయి, మేకు, తీగముక్క, ఏది కనబడినా ఏరి సంచిలో వెయ్యాలి. జెట్ ఇంజిన్ గాలితోపాటు వాటినీ లోపలికి లాగేసుకుంటుంది. చింతపిక్కంత రాయి చాలు, ఇంజిన్ పాడవడానికి.

ఆ నడక వీధిలోకీ వచ్చేసింది. పాలపాకెట్టుకి వెళ్లినా తల వంచుకునే వెళ్లేది. "ఏటత్తా, ఏటి పారేసుకున్నావు?" అని ఏడిపించేవాళ్లం. "నాను కాదే. ఎవుడి కాల్లో దిగుద్దో అని," అంటూ ఒక మేకు తీసి కొంగున ముడేసుకునేది.

బేస్ మూసేశాక నాలుగైదు పాత విమానాలకి రంగులేసి, షెడ్డులో నిలబెట్టి మ్యూజియం చేశారు. అత్త అక్కడ ఊడ్చే పనిలో చేరింది. నేను డిగ్రీ అయి ఇంట్లో కూర్చుంటే, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి అక్కడి ఆఫీసరు ముందు నిలబెట్టింది. "వచ్చినోలకి సెప్పడానికి మనిసి కావాలన్నారు గదా బాబూ. ఈ పిల్ల బాగా సదువుకుంది." అలా నాకు గైడు ఉద్యోగం వచ్చింది. నలుగురి ముందు నోరు విప్పి మాట్లాడిన దాన్ని కాదు నేను.

మొదటిరోజే ఒక బడి పిల్లలొచ్చారు. రాత్రంతా బట్టీపట్టిన వేగాలూ ఎత్తులూ గొంతులోనే ఉండిపోయాయి. పిల్లలు కిటికీల్లోంచి బయటికి చూస్తున్నారు. నేను షెడ్డు వెనక్కి పోయి ఏడుస్తుంటే అత్త వచ్చింది.

"ఏటే, ఏటైంది?"

"నాకు రాదత్తా. రేపట్నుంచి రాను."

అత్త లోపలికెళ్లి చీపురు విమానం చక్రానికి ఆనించి, తనే పిల్లల దగ్గరికి వెళ్లింది.

"ఇదిగో, ఇలాటి ఇమానమే. ఓ పొద్దున్న రన్‌వే మీద నాకు మరమేకు దొరికింది. తుప్పు లేదు, తళతళమంటంది. సూపర్‌వైజరుకి ఇస్తే, పాతదిలే, సంచిలో పడీ అన్నాడు. పాతదైతే మెరుత్తాదా? అప్పటికే, రేత్రి దిగిన ఇమానమే మల్లీ బయల్దేరి వచ్చేత్తంది. నాను రన్‌వే నడిమద్దిన కూకుండిపోనాను."

"భయమెయ్యలేదా?" అని ఒక అమ్మాయి అడిగింది.

"ఎందుకెయ్యదమ్మా! కాళ్లు వణికినాయి. అందుకే కూకున్నాను."

పిల్లలు గొల్లున నవ్వారు. నేనూ కళ్లు తుడుచుకుని దగ్గరికొచ్చాను.

జీపులో ఒక ఆఫీసరు వచ్చి అరిచాడట. మరమేకు చేతిలో పెట్టగానే ఆగిపోయాడట. విమానాన్ని వెనక్కి తిప్పి చూస్తే, పొట్ట కింద ఒక రేకుకి ఆ మరమేకు లేదు, పక్కవి కూడా వదులు.

"మీకు బహుమతి ఇచ్చారా?"

"వారం రోజులు పనికి రావద్దన్నారు, రన్‌వే మీద కూకున్నందుకు. వారం పోయాక ఎల్నాను. ఆ నడిపే కుర్రోడు ఇంటికెల్లి అన్నం తిన్నాడు గదా, సాలు."

పిల్లలంతా వంగి విమానం పొట్ట కింద మరమేకులు లెక్కపెట్టడం మొదలెట్టారు. అత్త చీపురు అందుకుని, నన్ను దాటిపోతూ మెల్లిగా అంది: "అంకెలు బోర్డు మీద ఉన్నాయే. నువ్వు మనుసుల గురించి సెప్పు."

మర్నాడు మానెయ్యలేదు. ఆరేళ్లు చేశాను. ఇప్పుడు బళ్లో పాఠం చెబుతున్నా, ముందు ఒక మనిషితోనే మొదలుపెడతాను.

మ్యూజియంలో ఒక విమానంలోకి ఎక్కనిచ్చేవారు. వచ్చినవాళ్లంతా పైలట్ సీట్లో కూర్చుని ఫోటోలు దిగేవారు. అత్త ఒక్కసారీ కూర్చోలేదు. ఎవరూ లేనప్పుడు బతిమాలాను. "సీటంతా తుడిసినాను గదే. సాల్దా?" అంది.

మొన్న దసరా సెలవుల్లో చూడ్డానికెళ్తే, "ఓసారి రన్‌వే కాడికి తీసుకెల్లవే," అని అడిగింది. మోకాళ్లు వంగడం లేదు, చూపు మందగించింది. ఆటోలో వెళ్లాం. సిమెంటు పగిలి గడ్డి మొలిచింది. ఆ చివర ఎవరో స్కూటీ నేర్చుకుంటున్నారు. నా భుజం పట్టుకుని నెమ్మదిగా కూర్చుని, చెప్పులు విడిచి, వెచ్చటి సిమెంటు మీద పాదాలు ఆనించింది.

సముద్రం వైపు నుంచి ఒక ప్రయాణికుల విమానం కిందికి దిగుతోంది. నాకంటే ముందు తనే విని, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. విమానం కొండ వెనక్కి వెళ్లిపోయింది.

"దిగిందా?"

అక్కణ్ణించి ఏమీ కనబడదు. అయినా, "దిగిందత్తా," అన్నాను.

నమ్మలేదు. చెవి అటే పెట్టి కూర్చుంది. కాసేపటికి కొండ అవతల, చక్రాలు నేల తాకాక ఇంజిన్లు చేసే హోరు సన్నగా వినబడి, ఆగిపోయింది.

"ఇదిగో, ఇప్పుడు దిగింది," అని, లేపమన్నట్టు నాకు చెయ్యి అందించింది.