వెన్న పడిన రోజు

ఇవాళ వెన్న కాస్తుంటే, ఆ కమ్మటి వాసనకి మా రెండో క్లాసు ఫీల్డ్ ట్రిప్ గుర్తొచ్చింది.

మిషిగన్‌లో మా ట్రాయ్ స్కూల్ నుంచి మమ్మల్ని ఒక పాత ఇల్లు చూడ్డానికి తీసుకెళ్ళారు. పంతొమ్మిదో శతాబ్దపు రైతు ఇల్లది, ఇప్పుడు మ్యూజియం. ఆ సంగతి నా బుర్రకెక్కలేదు. పొడుగు గౌనుతో, తలమీద గుడ్డ టోపీతో వంటింట్లో నిలబడ్డ గైడ్‌ని ఆ ఇంటావిడే అనుకున్నాను.

ఆవిడ చెక్క పీపాలో మీగడ పోసి కర్రతో చిలుకుతోంది. బయట మండే ఎండ. ఎంతసేపు చిలికినా వెన్న పడదే! మేమంతా బ్రెడ్ ముక్కలు పట్టుకుని ఎదురుచూస్తున్నాం.

"సారీ కిడ్స్, బస్ వచ్చేసింది," అంది టీచర్.

నేను ఆగలేకపోయాను. "ఆంటీ! ఐస్ వాటర్ పొయ్యండి! మా గ్రాండ్‌మా అలాగే చేస్తుంది!"

"ఆంటీ" అన్నందుకు అందరూ పకపకా నవ్వారు. ఆవిడ మాత్రం నవ్వలేదు. తన సీసాలోని చన్నీళ్ళు పోసి మళ్ళీ చిలికింది. చప్పుడు మారింది. మూత తీస్తే వెన్న ముద్దలు తేలుతున్నాయి!

"మీ గ్రాండ్‌మాని ఏమని పిలుస్తావ్?" అని అడిగింది. చెప్పాను. వెన్న మూతులతో క్లాసంతా ఒక్కసారిగా అరిచింది: "థాంక్యూ, అమ్మమ్మా!"

అప్పుడు మా దగ్గరే ఉన్న అమ్మమ్మకి ఇంటికెళ్ళగానే చెప్పాను. "అయ్యో, అంత పెద్దింట్లో ఆ మాత్రం చెప్పేవాళ్ళే లేరుటే?" అంది.

మ్యూజియమని తెలిసుంటే నోరు మెదిపేదాన్ని కాదు. ఇల్లనుకున్నాను కాబట్టే వెన్న పడింది.