మెచ్చుకోలులో వంతులు

ఆస్పత్రి లాండ్రీలో సూపర్వైజరుని అందరూ అక్కా అనే పిలుస్తారు. దుప్పట్లు మడతపెట్టే బల్ల దగ్గర చేరి, ఒంటి కష్టంతో, నోటి ధాటితో ఆ కుర్చీదాకా వచ్చిన మనిషి. మరక పోని దుప్పటి కంటబడితే ఒంటికాలి మీద లేస్తుంది. అలాంటి మనిషికి మేనేజరు అప్పజెప్పిన పనేమిటయ్యా అంటే, పనివాళ్లు ఒకరినొకరు మెచ్చుకునేలా చెయ్యడం!

"ఒక్కొక్కరే మానేస్తున్నారమ్మా. ఎవరిలోనూ ఉత్సాహం లేదు. తోటివాళ్ల మంచిని తోటివాళ్లే చెప్పుకునే పథకం ఒకటి ఆలోచించండి" అన్నాడాయన. మాట నిజమే. ఇంకొక్క మనిషి పోతే షిఫ్టు నడవదు.

ఇంట్లో కూర కలుపుతూ కూడా ఆమెకు అదే ఆలోచన. "మెచ్చుకోవడానికి పథకం కావాలటే? ముందు నన్ను మెచ్చుకుని చూడు, అలవాటవుతుంది" అని అత్తగారు ఎకసెక్కం. కూర మాడింది గానీ పథకం కుదిరింది. ప్రతి శుక్రవారం షిఫ్టు దిగేముందు, ఆ వారం తనకు సాయపడ్డవాళ్ల పేరు ఒక్కొక్కరూ వచ్చి అక్క చెవిలో చెప్పాలి. ఎక్కువమంది ఎవరి పేరు చెబితే వాళ్ల కోటుకి వారమంతా పసుపు బ్యాడ్జీ.

మొదట్లో బాగానే నడిచింది. పోను పోను అక్కకి అనుమానం వచ్చింది. ఏ వారం చూసినా అందరూ వచ్చి ఒకే పేరు చెబుతున్నారు. ఎందుకు అంటే "బాగా చేస్తాడక్కా" అని చిలకపలుకులు. బ్యాడ్జీ చూస్తే లాకర్ల వరసలోనే ఒకరి తర్వాత ఒకరికి పోతోంది. ఆవిరి ఇస్త్రీ దగ్గర వంతులు, తడిబట్టలు ఎత్తడానికి వంతులు. ఆఖరికి మెచ్చుకోవడానికి కూడా వంతులేసుకున్నారు మహానుభావులు!

"నేను బుర్ర బద్దలుకొట్టుకుని పథకం వేస్తే, మీరు దాన్ని నీళ్ల కుళాయి దగ్గర క్యూ చేస్తారా?" అని విరుచుకుపడింది. "ఈ శుక్రవారం అందరూ నిలబడి, పేరూ చేసిన సాయమూ పైకి చెప్పండి. మేనేజరుగారు కూడా వస్తారు."

మడత బల్ల దగ్గరి పిన్ని మెల్లగా, "ఈ ఒక్క వారం పోనియ్యి అమ్మాయ్, తర్వాత నీ ఇష్టం" అంది. అక్క ససేమిరా అంది.

శుక్రవారం వచ్చింది. అందరూ గుండ్రంగా నిలబడ్డారు. డ్రైయర్ నడిపే బాబాయ్ కూడా వచ్చాడు. పలకరిస్తే చాలు విసుక్కుంటాడని వెనకాల అతన్ని రుసరుస అంటారు. ఆరోజు నున్నగా గడ్డం గీసుకుని, కోటు లోపల ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. ఏమిటా అనుకుంది గానీ అక్క అడగలేదు.

ఒక్కొక్కరే చెబుతున్నారు. పాపకి జ్వరమొస్తే పిన్ని తన షిఫ్టు చేసిందని ఒకావిడ కళ్లు తుడుచుకుంది. నడుం పట్టేస్తే ఇస్త్రీ కుర్రాడు బరువులు మోశాడని ఇంకొకతను. మేనేజరు ముఖం వెలిగిపోతోంది. అక్క సంబరంగా పేర్లు లెక్కపెట్టుకుంటోంది. బాబాయ్ తన వంతు వచ్చినప్పుడు "పిన్ని. మంచినీళ్లు తెచ్చిస్తుంది" అని ఊరుకున్నాడు. ఎవరు నోరు తెరిచినా వాళ్ల ముఖంలోకే చూశాడు. అతని పేరు ఎవరూ చెప్పలేదు.

ఎక్కువమంది చెప్పింది పిన్ని పేరే. మేనేజరు బ్యాడ్జీ పెట్టబోతే ఆమె దండం పెట్టి తప్పుకుంది. అక్కను పక్కకి లాగింది.

"ఈ వారం డ్రైయర్ వాడి వంతు. అసలు వంతులు పెట్టిందే వాడి కోసం. నిజం చెప్పమంటే రుసరుస పేరు ఎవరి నోటా రాదు, ఉన్న ఒక్క డ్రైయర్ మనిషీ చిన్నబుచ్చుకుని పోతాడని మొదటి వారమే అందరం అనుకున్నాం. నీకేమో నిజమే కావలసి వచ్చింది."

అక్కకి తన మీద తనకే ఒళ్లు మండింది. బ్యాడ్జీ పట్టుకుని పరుగున డ్రైయర్ దగ్గరికి వెళ్లింది.

"బాబాయ్, ఇది నీది. తీసుకో."

"ఎవరన్నారమ్మా?"

"నేనంటున్నా."

"ఎందుకో చెప్పు మరి. అందరూ చెప్పారుగా."

అక్క నోరు తెరిచింది. ఇన్నేళ్లుగా అతని పని గురించి ఎప్పుడైనా ఆలోచిస్తే కదా చెప్పడానికి. బట్టలు పొడిగా వచ్చేవి, అంతే. ఏ రోజూ అటు తిరిగి చూసింది లేదు.

"పోనీలేమ్మా" అన్నాడు బాబాయ్. అతను విసుక్కోకపోవడం ఆమె చూడటం అదే మొదటిసారి.

సోమవారం అతను రాలేదు. తడిబట్టలు గుట్టలు పడ్డాయి. అక్క స్వయంగా చేతులు కాల్చుకుంటూ డ్రైయర్లో కూరుతుంటే ఫోన్ మోగింది.

"అద్భుతమమ్మా! ఇన్నాళ్లకు అసలైన పథకం. అన్ని విభాగాల్లోనూ పెట్టిద్దాం. ఇంకా మీకేం కావాలో చెప్పండి" అన్నాడు మేనేజరు.

"డ్రైయర్ దగ్గరికి ఒక మనిషి కావాలి సార్" అంది అక్క.