తొమ్మిదింటికి తెరిచే సముద్రం

కోపం చల్లారాక రాద్దామని వారం రోజులు ఆగాను. చల్లారలేదు. అందుకని ఇలాగే రాస్తున్నాను. బందరు దగ్గర సముద్రం పక్కన హోటల్లో దిగి, కిటికీలోంచి అలలు చూస్తూ కాఫీ తాగుదామనుకునేవాళ్ళు, ముఖ్యంగా నడవలేని పెద్దవాళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళు, కాస్త ఓపిగ్గా చదవండి. హోటల్ పేరు మాత్రం రాయను. రాస్తే ఆ ఒక్కటే చెడ్డది, మిగతావన్నీ మంచివనుకుంటారు.

ఈ ప్రయాణం మా వదిన కోసం. వదినంటే మా ఆయన అక్క, రూతమ్మ గారు. కృత్తివెన్ను మండలంలో ఇరవై ఏళ్ళకు పైగా పిల్లలకి పాఠాలు చెప్పి రిటైరయ్యి, గుడివాడలో మా వీధిలోనే ఉంటున్నారు. ఏటా ఈస్టర్ వెళ్ళాక చర్చిలో ఆడవాళ్ళందరినీ పోగేసి, వ్యాను మాట్లాడి, పులిహోర డబ్బాలతో సహా బందరు సముద్రానికి తీసుకెళ్ళేది ఆవిడే. ఈసారి వ్యాను ఆవిడ లేకుండానే వెళ్ళింది. స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి వేసిన రాడ్డు సరిగా కుదరలేదు. వచ్చే నెలలో రెండో ఆపరేషన్. ఆ తర్వాత నడక ఎలా ఉంటుందో ఇప్పుడే చెప్పలేమన్నాడు డాక్టరు. ఆసుపత్రి నుంచి తిరిగొస్తుంటే కారులో వదిన, "కత్తి పెట్టించుకునే ముందు ఒక్కసారి సముద్రం చూపించవే గ్రేసూ" అన్నారు. ఎవరినీ ఏదీ అడగని మనిషి. అడిగింది అదొక్కటే.

వాకర్ పట్టుకుని నాలుగడుగులు వెయ్యడమే కష్టంగా ఉన్న మనిషిని ఇసకలో నడిపించలేం. అందుకని మంచం మీద పడుకున్నా సముద్రం కనిపించే గది కోసం వెతికాను. ఫొటోలో తెల్లటి పరదాలు, వాటి వెనక నీలంగా నీళ్ళు. ఫోన్ చేసి, తుంటి ఆపరేషన్ అయిన పెద్దావిడని తెస్తున్నామని చెప్పాను. సముద్రం కనిపిస్తుందా, లిఫ్ట్ పనిచేస్తుందా, బాత్రూంలో పట్టుకోడానికి కమ్మీ ఉందా అని అడిగాను. అన్నిటికీ "ఉందండీ మేడమ్" అన్నారు. రాత్రికి ఐదు వేలకు పైనే. ముందే కట్టేశాను.

శనివారం ఉదయం తొమ్మిదింటికి గుడివాడలో బయల్దేరాం. రానూపోనూ రెండు రోజులకీ కారు ఐదు వేలు. డ్రైవర్ సుబ్బారావుది చల్లపల్లి, నెమ్మదస్తుడు. మామూలుగా పెడన మీదుగా బందరు గంటా గంటంపావులో వెళ్ళిపోవచ్చు. మేం గతుకు వచ్చినప్పుడల్లా ఆగి ఆగి వెళ్ళాం కాబట్టి రెండు గంటలు పట్టింది. బందరులో సుబ్బారావు టీ తాగుతుంటే వదిన అద్దం దించి గాలి వాసన చూసి, "వచ్చేసింది" అన్నారు. అక్కణ్ణుంచి తీరానికి అరగంట. ఆ అరగంటా ఆవిడ సీటుకి ఆనుకోలేదు.

హోటల్ బయటికి బాగుంది. పేరు గొప్ప, ఊరు దిబ్బ అని ఊరికే అనలేదు పెద్దలు. లిఫ్టుకి అడ్డంగా కుర్చీ వేసి "రిపేర్" అని అట్టముక్క తగిలించారు. మమ్మల్ని కింద, వెనకవైపు గదికి తీసుకెళ్ళారు. పరదా తీశాను. జనరేటర్ గది. దాని పక్కన ప్రహరీగోడ. గోడ మీదుగా రొయ్యల చెరువు, అందులో గాలి కోసం తిరిగే చక్రాలు. సముద్రం భవనానికి అవతలి పక్క ఉంది.

రిసెప్షన్‌కి వెళ్ళి మేనేజర్‌ని పిలిపించాను. ఇస్త్రీ చొక్కా వేసుకున్న కుర్రాడు, నవ్వు చెరగనివ్వడు.

"మీరు పేషెంటుని తెస్తున్నామన్నారు కదండీ. పేషెంటుకి మేడ మీద ఎందుకని మేమే మంచి మనసుతో కింద రూమ్‌కి మార్చామండీ."

"మిమ్మల్ని మార్చమని అడిగామా?"

"పైనంతా పెళ్ళి షూటింగ్ వాళ్ళకి ఇచ్చేశామండీ. అయినా ఆవిడ పడుకునే ఉంటారు కదండీ. ఎక్కడైనా ఒకటే కదా."

అరికాలి మంట నెత్తికెక్కింది. ఎక్కడైనా ఒకటే అయితే గుడివాడలో మంచం మీద పడుకోబెట్టేదాన్ని కదా, నీ ఐదు వేల మంచం దేనికి? డబ్బు వెనక్కిమ్మంటే "సిస్టమ్ ఒప్పుకోదండీ" అన్నాడు. సిస్టమ్ అంటే ఎవరో పిలువు, మాట్లాడతానన్నాను. మళ్ళీ నవ్వాడు. బందరు వెళ్ళే దారిలోనే చిలకలపూడి ఉంది. అక్కడివాళ్ళు రోల్డ్ గోల్డ్ గొలుసుని రోల్డ్ గోల్డ్ అనే చెప్పి అమ్ముతారు. ఆ మాత్రం నిజాయితీ వీళ్ళకి లేకపోయింది.

బాత్రూంలో కమ్మీ లేదు సరికదా, గడప జానెడు ఎత్తు. ప్రతిసారీ వదినని దాదాపు ఎత్తి దాటించాను. మధ్యాహ్నం భోజనానికి సముద్రపు చేపల స్పెషల్ అని రాసినదేదో తెప్పిస్తే రబ్బరులా సాగింది. ఎక్కడి చేప అని అడిగితే, కోల్డ్ స్టోరేజీ నుంచి వస్తుందండీ, ముళ్ళు ఉండవు అని గొప్పగా చెప్పాడు వడ్డించినతను. సముద్రం పక్కన కూర్చుని, ఐసులో వచ్చిన ముల్లులేని చేప తినడానికి గుడివాడ నుంచి రావాలా? పోనీ సాయంత్రం కుర్చీలోనైనా కూర్చోబెట్టి తీసుకెళ్దామంటే, సముద్రం వైపు గేటు దగ్గర షూటింగ్ లైట్లు, తీగలు పరిచి దారంతా మూసేశారు. గోరుచుట్టు మీద రోకటిపోటు.

గదికి తిరిగొచ్చి మంచం చివర కూర్చున్నాను. ఏడుపొచ్చింది. వదిన నా చెయ్యి పట్టుకుని, "పోన్లేవే. కనపడకపోతే మానె, చప్పుడు వినిపిస్తోందిగా. కళ్ళు మూసుకుంటే అక్కడే ఉన్నట్టుంది" అన్నారు.

వినిపిస్తున్నది చెరువులో చక్రాలు నీళ్ళు కొడుతున్న చప్పుడు. సముద్రం కాదు. ఆవిడ అలా కళ్ళు మూసుకుని పడుకుంటే, పక్కన కూర్చుని ఆ మేనేజర్ని మనసులో తిట్టని తిట్టు లేదు.

ఆదివారం తెల్లవారుతుండగా లేచి మళ్ళీ గేటు దగ్గరికి వెళ్ళాను. లైట్లు తీసేశారు, ఇక అడ్డేముందనుకున్నాను. గేటుకి తాళం. వాచ్‌మన్ పాపం మొహమాటపడ్డాడు. "తొమ్మిదింటికి తీస్తామండీ. మేనేజర్ గారి ఆర్డరు."

ఈలోగా మేనేజరే వచ్చాడు. "పొద్దున్నే వలలోళ్ళు ఉంటారండీ ఒడ్డున. చేపల కంపు. గెస్టులు ఇబ్బంది పడతారని క్లోజ్ చేస్తాం."

తూర్పు తీరమండీ ఇది. సూర్యుడు నీళ్ళలోంచి పైకొచ్చే తీరం. అది చూడటానికే జనం వస్తారు. ఆ వేళకి గేటుకి తాళం వేసి, ఎండ నెత్తి మాడ్చేటప్పుడు తీస్తారట! సముద్రం దగ్గర చేపల వాసన రాకుండా ఇంకేం వాసన వస్తుంది, అగరొత్తుల వాసనా అని అరిచాను. నా గొంతుకి పైన పెళ్ళి షూటింగ్ వాళ్ళు బాల్కనీలోకి వచ్చి చూశారు. చూడనీ.

నా అరుపు విని, కారులో పడుకున్న సుబ్బారావు లేచి వచ్చాడు. "మేడమ్ గారూ, వీళ్ళతో మనకెందుకండీ? చెరువు గట్టు పక్కన బండి దారుంది. రాత్రి టీకి వెళ్ళినప్పుడు చూశాను. ఇసక దాకా కారెళ్తదండీ. అక్కడ వలోళ్ళున్నారు, మాట్లాడదాం."

లోపలికి వెళ్ళి వదినని లేపాను. గేటు సంగతి చెప్పి, ఇంకో దారిలో అసలు సముద్రం దగ్గరికే వెళ్దామన్నాను. ఆవిడ లేచి కూర్చుని జడ చుట్టుకుంటూ, "నిన్నటిది చెరువు చక్రాల చప్పుడని నాకు తెలీదనుకున్నావా? కృత్తివెన్నులో ఆ చప్పుడు పక్కనే పాఠాలు చెప్పినదాన్ని. నువ్వేడుస్తున్నావని అన్నాన్లే" అన్నారు.

ఆ మాటకి కోపం రెట్టింపైంది. తుంటి విరిగిన మనిషి నన్ను ఓదార్చాల్సి వచ్చింది చూడండి. ఆ కోపంలోనే బయట పచ్చికలో ఉన్న చేతుల కుర్చీ ఒకటి ఎత్తి కారు డిక్కీలో పడేశాను. వాచ్‌మన్ "కుర్చీలు బయటికి ఇవ్వమండీ" అంటున్నాడు. "మీ మేనేజర్ గారిని తొమ్మిదింటికి వచ్చి తీసుకోమను" అన్నాను.

గట్టు దారి ఐదు నిమిషాలు. ఇసక మొదలయ్యే చోట కారాగింది. ఒడ్డున అలివి వల వేస్తున్నారు. పెద్ద వలని పడవతో లోపలికి తీసుకెళ్ళి విడిచి, దాని రెండు కొసల తాళ్ళని ఒడ్డునుంచి జనం లాగే పద్ధతి అది. పడవ అప్పుడే తిరిగొచ్చింది, తాళ్ళు సర్దుకుంటున్నారు. గంపలు పెట్టుకుని కూర్చున్న నాగరత్నం అనే పెద్దావిడ దగ్గరికి వెళ్ళి, వదిన ఎవరో, ఎందుకొచ్చామో సుబ్బారావు చెప్పాడు. ఆవిడ కారులోకి తొంగి చూసి, "నువ్వేనా టీచరమ్మవి? కృత్తివెన్నులో చెప్పేవా? మా చిన్నకోడలిది ఆ పక్కే" అంది. తర్వాత మగవాళ్ళ వైపు తిరిగి, "ఒరే, వల మోసే బొంగులు తీసుకురండ్రా" అని కేకేసింది.

తడి వల చాలా బరువట. రెండు వెదురు బొంగులకి వేసి నలుగురు భుజాలకెత్తుకుంటారు. అదే పద్ధతిలో కుర్చీ చేతుల కింద బొంగులు దూర్చి, వల తాళ్ళతో ముడులేశారు. వదినని అందులో కూర్చోబెట్టి నలుగురు ఎత్తారు. "భయమేస్తందా టీచరమ్మా?" అని ఒకతను అడిగితే, "పడేస్తే గోడకుర్చీ వేయిస్తా" అన్నారు వదిన. నవ్వుకుంటూ, ఇసకలో దిగబడుతూ, తిన్నగా తీసుకెళ్ళి అల వచ్చి పాదాలు తడిపేచోట దించారు.

సూర్యుడు అప్పుడే నీళ్ళు విడిచాడు. మొదటి అల పాదాల మీదికి రాగానే వదిన కళ్ళు మూసుకుని కాసేపు ప్రార్థన చేసుకున్నారు. తర్వాత కళ్ళు తెరిచి, ఇంక మూయలేదు. ఎండ పొడ తగలకుండా కారులోంచి గొడుగు తెచ్చి పట్టుకుని, నేను పక్కన నిలబడి ఫోన్లో ఫొటోలు తీశాను.

ఇంతలో వల లాగడం మొదలైంది. ఆడా మగా వరసగా తాడు పట్టుకుని వెనక్కి అడుగులేస్తున్నారు. తాడు వదిన కుర్చీని ఆనుకునే పోతోంది. ఆవిడ వంగి రెండు చేతులా పట్టుకున్నారు.

"వదినా, వద్దు! నడుం పట్టేస్తుంది" అన్నాను.

"పట్టుకోనియ్యమ్మా" అంది నాగరత్నం వరసలోంచి. "తాడు మీద చెయ్యేసినోళ్ళకే కూర. ఊరికే చూసేవోళ్ళకి ఉండదు."

కూరంటే వండుకోడానికి చేపలు. వల లాగినవాళ్ళు ఎవరైనా సరే, దారినపోయేవాళ్ళైనా సరే, వాళ్ళకి కూరకి చేపలివ్వాలి. అక్కడి లెక్క అది. వదిన కూర్చున్నచోటు నుంచే, తాడు కదిలినప్పుడల్లా పిడికిళ్ళు మార్చుకుంటూ లాగారు. మొహం ఎర్రబడింది. అందరితోపాటు హైసా అన్నారు. ఆర్నెల్లుగా మేము తినిపిస్తే తిని, తిప్పితే తిరిగిన మనిషి.

వల ఒడ్డుకొచ్చింది. గొప్పగా ఏం పడలేదు. కానాగంతలు, నెత్తళ్ళు, కొన్ని పీతలు. పంపకాలు చేస్తూ నాగరత్నం ఒక చిన్న కుప్ప తెచ్చి వదిన కాళ్ళ దగ్గర పెట్టింది. నేను పర్సు తీశాను. ఆవిడకి నిజంగానే కోపమొచ్చింది.

"కూరకి డబ్బులేంటమ్మా? ఆమె లాగింది, ఆమె తీసుకుంటది."

"మరి నాకో?" అన్నాను నవ్వుతూ.

"నువ్వు గొడుగు పట్టుకున్నావుగా. తాడు పట్టలేదు."

అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా వదిన నవ్వారు.

హోటల్‌కి తిరిగొస్తే, కథ ఇంకా అయిపోలేదు. కారులో వదిన ఒళ్ళో ఉన్న చేపల సంచి చూసి మేనేజర్ చెయ్యి అడ్డం పెట్టాడు. "బయటి చేపలు లోపలికి అలౌ చెయ్యమండీ. స్మెల్ వస్తుంది." నేను నోరు తెరిచేలోగా వదిన వాకర్ పట్టుకుని దిగి నిలబడి, బడిలో పిల్లాడిని చూసినట్టు చూశారు. "బాబూ, నువ్వు నన్ను పేషెంటన్నావు. సరే. ఇవి మాత్రం నేను లాగిన చేపలు. వీటికి చోటులేని చోట నాకెందుకు? గ్రేసూ, సామాన్లు తీసుకురా." బిల్లులో కుర్చీ ఖరీదు వేశారు. కట్టేశాను. ఆ కుర్చీ ఒడ్డునే ఉంది, నాగరత్నం కూర్చుంటోంది. పైగా మంచి రివ్యూ రాయమని ఫోన్‌కి లింకు పంపారు. ఇదిగో, రాశాను.

మధ్యాహ్నానికి గుడివాడ చేరాం. కానాగంతల పులుసు వదిన స్టూలు మీద కూర్చుని దగ్గరుండి పెట్టించారు. ఆవిడ అరచేతులు తాడు ఒరుసుకుని కందిపోయాయి. కొబ్బరినూనె రాస్తానంటే రాయనివ్వలేదు. రెండో ఆపరేషన్ తేదీ దగ్గరపడుతోంది. ఏమవుతుందో నాకు తెలీదు, డాక్టరుకీ తెలీదు. నా కోపం మాత్రం ఆ గేటు తాళం మీద అలాగే ఉంది. నడవలేని మనిషికి ఏం కావాలో అడక్కుండానే నిర్ణయించేవాళ్ళందరి మీదా ఉంది. ఆ పొద్దున గొడుగు పట్టుకుని "వద్దు వదినా" అన్న మనిషి మీద కూడా కొంచెం.

ఇక మీకు పనికొచ్చే మాట ఒక్కటే. ఆ తీరానికి హోటల్ గేటులోంచి వెళ్ళకండి, చెరువు గట్టు దారిలో, తెల్లారగట్లే వెళ్ళండి. వల లాగుతుంటే ఫోన్ జేబులో పెట్టి తాడు పట్టుకోండి. లేకపోతే నాలాగే, భోజనం దగ్గర కూర్చుని, "నీకూ రెండు ముక్కలు వేస్తాలే, మా కూరలోంచి" అనిపించుకోవాల్సి వస్తుంది.