వేషం కట్టిన మా రేకుల బ్యాండు

మా బ్యాండు చరిత్ర మొత్తం కలిపితే ఏడు నెలల సాధన, ఒక్క కచేరీ. ఎనభైల నడుమ ఎప్పుడో బెంగళూరు ఫ్యాక్టరీలో పనిచేసే కుప్పం స్నేహితుడొకడు ఒక క్యాసెట్ తెచ్చాడు. అందులో ఎవరో విదేశీ కుర్రాళ్లు ఇనుము బాదుతూ, గొంతు చించుకుని అరుస్తున్నారు. "దీన్ని ఇండస్ట్రియల్ రాక్ అంటారంటప్పా. పెద్దోళ్లని తిడతాండారు సూడు" అన్నాడు. అది పాటో గొడవో నాకు అర్థం కాలేదు. అర్థం కాకుండానే మూడుసార్లు విన్నాను.

మదనపల్లెలో లేతు మిషన్ మీద పనిచేసే ఇంకో స్నేహితుడు రేకులు, స్ప్రింగులు పోగేశాడు. మా ఊరు పుంగనూరులో ఖాళీ నూనె డ్రమ్ములు నేను వెతికి పెట్టాను. ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్న నాకే పాడే పని అప్పగించారు. ముగ్గురిలో నాకే కోపం ఎక్కువని వాళ్ల లెక్క.

ఆ కోపం ఊరికే వచ్చింది కాదు. మా అమ్మ శెనక్కాయల మిల్లులో గింజలు ఏరేది. సాయంత్రం గేటు దగ్గర యజమాని, గింజలు దాచుకుని పోతున్నారేమోనని ఆడవాళ్లందరి చేతా కొంగు దులిపించేవాడు. ఒకరోజు అమ్మ ఒడిలో తానే చెయ్యి పెట్టి వెతికాడు. ఒక్క గింజ దొరకలేదు. అమ్మను పిలుచుకుపోదామని వచ్చి, అదంతా చూస్తూ నిలబడిపోయాను. అమ్మ ఇంటికొచ్చి ఎప్పటిలాగే అన్నం వండింది. నాకు ఏడుపొచ్చింది, ఆ వెంటనే నా మీద నాకే అసహ్యమేసింది. ఆ మనిషి ఊరందరి ముందూ తల దించుకోవాలి. నేను కట్టిన పాటంతా అదే.

కానీ తన్నులు తినకుండా ఎక్కడ పాడాలి? గంగమ్మ జాతరలో వేషం కట్టినవాడు ఎవరినైనా తిట్టొచ్చు. అది మొక్కు కింద పోతుంది, ఎవరూ చెయ్యి చేసుకోరు. "ఇంతకన్నా మంచి స్టేజీ యాడ దొరుకుతాదప్పా?" అన్నాడు కుప్పం వాడు. మా తెలివికి మేమే మురిసిపోయాం.

మొహాలకు మసి, కుంకుమ పూసుకుని పట్టపగలు డ్రమ్ములు బాదాం. యజమాని ముందు వరసలోనే ఉన్నాడు. పేరు పెట్టి, మిల్లు గేటుతో సహా, కొంగు సంగతితో సహా తిట్టాను. ఆయన నవ్వాడు. జనమూ నవ్వారు. ఒక అవ్వ మా కాళ్ల మీద పసుపునీళ్లు పోసి దండం పెట్టింది. యజమాని నా భుజాన కొత్త తువ్వాలు కప్పి, "బాగా తిట్నావప్పా! ఏషగాడు తిడితే గంగమ్మ దీవించినట్టే. ఈ ఏడు నాకంతా మంచే జరుగుతాది" అన్నాడు.

గెలిచామా, ఓడామా? మిగతా ఇద్దరూ గెంతుతుంటే నేను తువ్వాలు పట్టుకుని పిచ్చిచూపులు చూస్తున్నాను. ఇంటికెళ్లి అమ్మను అడిగాను, విన్నావా అని.

"ఇన్న్యాను. మొగానికి రంగు పూసుకోని అంటే ఆయప్పకి యాల తగులుతాదిరా? కడుక్కోని పోయి అను."

మరునాడు మొహం కడుక్కుని మిల్లు గేటు దగ్గరికి వెళ్లాను. అనాల్సిన మాట నోట్లోనే ఉంది. యజమాని నన్ను గుర్తుపట్టలేదు.

"ఏమప్పా, పనికొచ్చినావా?"

లోపల గింజలు ఏరుతున్న అమ్మ తలెత్తి చూసింది.

"అవును సార్" అన్నాను.